చెంచయ్య గెలిచిన తగువు

మా మావయ్య చెంచయ్యతో తగువు పడని మనిషి మా ఊళ్ళో ఎవరైనా ఉన్నారంటే, వాళ్ళు కొత్తగా కాపురానికి వచ్చి ఉండాలి, లేదా మాటలు రాని పసిబిడ్డలై ఉండాలి. మా ఊరు పర్చూరు దగ్గర. మిరప, పత్తి, కాస్త శనగ పండుతాయి. తగువులు మూడు పంటలూ పండుతాయి.

నేను ఆయన మేనల్లుణ్ణి, పేరు నాగేంద్రబాబు. గుంటూరులో వకీలుని. కోర్టు మెట్లెక్కకుండా జనానికి రాజీ కుదిర్చే మధ్యవర్తిగా కూడా శిక్షణ తీసుకున్నాను. ఆ సర్టిఫికెట్టు ఫ్రేము కట్టించి నా కుర్చీ వెనక తగిలించాను. దాని కింద కూర్చుని అన్నదమ్ములకూ, వియ్యంకులకూ, భాగస్వాములకూ రాజీలు చేశాను. సొంత మేనమామ దగ్గర మాత్రం నా పప్పులుడకలేదు.

మావయ్య చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే నా పని తేలికయ్యేది. అబద్ధమాడడు, ఒకరిది ఆశించడు, మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఒకటి మాట్లాడడు. ఉన్నదల్లా నోరు. తన పెళ్ళిలో మేళం వాళ్ళతో మొదలైన వాదన తలంబ్రాల దాకా సాగిందట. అందుకే ఆ పెళ్ళి ఫోటోల్లో ఒక్కదాంట్లో కూడా ఆయన మొహం కెమెరా వైపు లేదు, మేళం వైపు ఉంది. మా అత్తయ్య సుబ్బరావమ్మ మాత్రం అన్నిట్లోనూ కెమెరా వైపే చూస్తోంది, సాయం అడుగుతున్నట్టు. ఆర్టీసీ బస్సు తన పొలం దగ్గర ఆగాలని కండక్టర్లతో వాదించి వాదించి ఆపించాడు. ఇప్పుడు దాన్ని అందరూ చెంచయ్య స్టాపు అనే అంటారు. ఆయన మాత్రం ఆ బస్సు ఎక్కడు, డ్రైవరుతో పడదు.

ఇంకో సంగతి. వాదనలో ఏ పక్షమన్నది ఆయనకు ముఖ్యం కాదు. టీ కొట్టు దగ్గర ఇద్దరు వాదించుకుంటూ ఒకడు మధ్యలో పనుండి లేచిపోతే, ఈయన ఆ ఖాళీ బల్ల మీద కూర్చుని వాడి వాదన పూర్తి చేసి, గెలిచి, ఇంటికొస్తాడు. లేచిపోయినవాడికి తను గెలిచిన సంగతి మర్నాడు తెలుస్తుంది.

మా వైపు ఒక పద్ధతి ఉంది. తగువులో ఉన్నవాళ్ళు అది తేలేదాకా ఒకరిచ్చిన మంచినీళ్ళు కూడా ఒకరు ముట్టరు. ఊళ్ళో చాలామంది దీన్ని రెండు రోజుల్లో మర్చిపోతారు. మావయ్య మర్చిపోడు. చుట్టాల పెళ్ళికి వెళ్తాడు, అక్షింతలు వేస్తాడు, ఆ చుట్టంతో తగువుంటే విస్తరి ముందు కూర్చోకుండా ఇంటికొచ్చేస్తాడు. అందుకని ఆయన ఏ శుభకార్యానికి వెళ్ళినా అత్తయ్య ఎసట్లో ఓ గుప్పెడు బియ్యం పోసే ఉంచుతుంది.

ఇన్ని తగువుల్లోనూ నాకు నిద్ర పట్టనివ్వనిది ఒక్కటే, సాల్మన్‌తో వచ్చింది.

సాల్మన్, మావయ్య మిషన్ బడిలో ఒకే బెంచీ. సాల్మన్ ఇల్లు చర్చి వీధిలో. కూలి చేసి కూడబెట్టి వాళ్ళ నాన్న కొన్న పొలం మావయ్య పొలానికి సరిగ్గా వెనకుంది. అటు మురుగు కాలువ, ఇటు బండి పట్టేంత వెడల్పున్న మావయ్య గట్టు. బండి బాటలోకి రావాలంటే మావయ్య గట్టు వెంబడే రావాలి. వాళ్ళ నాన్నల కాలం నుంచి అలాగే వచ్చారు. నాలుగేళ్ళ క్రితం మావయ్య డ్రిప్పు పైపులు వేయించుకుంటూ ఆ గట్టు కొన్నాళ్ళు మూశాడు. సాల్మన్ వచ్చి అడగలేదు, సోమవారం మండలాఫీసుకు వెళ్ళి అర్జీ పెట్టాడు. సర్వేయరు వచ్చి కొలిచి, మ్యాపులో అక్కడ దారి లేదని చెప్పి, టీ తాగి వెళ్ళిపోయాడు. పైపులు వేయడం అయిపోయింది. గట్టుకు అడ్డంగా వేసిన ముళ్ళ చిల్లకంప మాత్రం అలాగే ఉండిపోయింది.

"ఇంటికొచ్చి ఒక్క మాట అడిగితే ఇవ్వనంట్రా? ఆఫీసుకెళ్తాడా?" అంటాడు మావయ్య.

"మా నాన్న నడిచిన దారికి నేను వాళ్ళింటి ముందు నిలబడి అడుక్కోవాలా బాబూ?" అంటాడు సాల్మన్.

నా శిక్షణంతా ఉపయోగించాను. ఇద్దర్నీ విడివిడిగా కూర్చోబెట్టాను, ఒకరి మాట ఒకరికి మెత్తగా చేసి చెప్పాను. అడగాలి అన్న ఒక్క మాట దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. మావయ్యలాంటి పెద్ద వీధి వాళ్ళను చర్చి వీధి వాళ్ళు వచ్చి అడగడం మా ఊళ్ళో ఎప్పట్నుంచో ఉంది. దాన్ని ఎవరూ ఎక్కడా రాయలేదు, అందుకని ఏ సర్వేయరూ కొలవలేడు. మావయ్యకు తను అడుగుతున్నది మర్యాద అనిపిస్తుంది. సాల్మన్‌కు అది ఏమనిపిస్తుందో నాకు తెలుసు, మావయ్యకు చెప్పే ధైర్యం మాత్రం లేకపోయింది.

కిందటేడు సాల్మన్ పంట కల్లంలో ఉండగానే వాన పట్టుకుంది. తడిసింది తడవగా మిగిలిన కాయను గోతాల్లో తొక్కి, ఆ టిక్కీలను కాలువ కట్ట మీదుగా నెత్తిన మోశారు. సాల్మన్ భార్య జయకుమారి ఆ కట్ట మీద జారిపడింది. మణికట్టు విరిగి కాస్త వంకరగా అతుక్కుంది. ఈ ఏడు కూడా కాయ బయటికి రాకపోతే పొలం అమ్మేస్తానని సాల్మన్ చర్చిలో అందరి ముందూ చెప్పాడు. దారి లేని పొలం కొనేవాడు ఒక్కడే ఉంటాడు, దాని ముందు పొలం వాడు. చెంచయ్య అందుకే కంప తియ్యడం లేదని ఊళ్ళో అనుకున్నారు. అది విని మావయ్య ఒంటికాలి మీద లేచాడు. అన్నవాళ్ళందరితో విడివిడిగా తగువు పడ్డాడు. కంప మాత్రం తియ్యలేదు.

అలా ఉండగా మంగళగిరిలో, హైవే పక్క హోటల్లో, మధ్యవర్తుల, ఆర్బిట్రేటర్ల సదస్సు వచ్చింది. మధ్యవర్తి ఇద్దర్నీ ఒప్పిస్తాడు, ఆర్బిట్రేటరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా తీర్పు చెబుతాడు. రెండు రకాల వాళ్ళూ కలిసి జరుపుకునే సభ అది. అందులో ఒక మాదిరి మధ్యవర్తిత్వం ఉంటుంది. స్టేజీ మీద ఇద్దరు తగువులాడుతున్నట్టు నటిస్తే, పేరున్న మధ్యవర్తి వాళ్ళకు రాజీ చేసి చూపిస్తారు. అంతకుముందేడు ఇద్దరు వకీళ్ళు నటించారు. ఇద్దర్లో ఎవరూ ఆపడానికి ఒప్పుకోక, కాఫీ సమయం దాటిపోయింది. ఈసారి నిజమైన రైతును తెమ్మని కమిటీ నాకు చెప్పింది.

నాకో ఆశ పుట్టింది. తగువు కథ నేనే రాశాను. ముందున్న పొలం వాడు, వెనకున్న పొలం వాడు, మధ్యలో మూసిన దారి. పెద్దగా ఊహించాల్సిన పని పడలేదు. ముందు పొలం వాడి వేషం మావయ్యకిప్పించి, అంతమంది పెద్దల ముందు, కనీసం స్టేజీ మీదైనా ఒక్కసారి 'సరే' అనిపిస్తే నోరు అలవాటు పడుతుందేమోనని నా ఆలోచన.

"మావయ్యా, మంగళగిరిలో ఒక తగువు పడాలి" అన్నాను.

"ఎవడితో?"

"పెద్ద లాయరు గారితో."

"ఎన్నింటికి బయల్దేరాలి?" అన్నాడు.

సదస్సు దీపం వెలిగించడంతో మొదలు కావాలి. ముందు ఎవరు వెలిగించాలన్న దాని మీద రెండు జిల్లాల మధ్యవర్తుల సంఘాలకు మాట తేడా వచ్చింది. రాజీ చేసే ప్రయత్నాలు కాసేపు సాగాయి. చివరికి ఇద్దరు అధ్యక్షులూ చెరో వైపు నుంచి చెరో వత్తి వెలిగించారు. మావయ్య ముందు వరసలో కూర్చుని ఇదంతా మహా ఆనందంగా చూశాడు. "మంచి సభేరా" అన్నాడు.

ఆ తర్వాత సహనం గురించి ఒకరు చాలాసేపు మాట్లాడారు. నిష్పాక్షికత గురించి ఇంకొకరు, అంతకంటే ఎక్కువసేపు మాట్లాడారు. భోజనాల ముందు మా అంశం వచ్చింది. మధ్యవర్తి జ్యోతిర్మయి గారు, రిటైరైన జిల్లా జడ్జి. మావయ్యకు ఎదుటి పార్టీ శ్యామ్ సుందర్ గారు, సభాధ్యక్షుడు. చీమకుర్తి గ్రానైటు తగాదాల్లో ఆర్బిట్రేటరుగా ఆయనకు మంచి పేరు. ఆ రోజు భోజనాలు కూడా ఆయన తరపునే.

శ్యామ్ సుందర్ గారు కథ కాగితం చదువుకుని, "నాకు మిరప సంగతులు తెలియవండీ. పంట తీసుకుపోవాల్సిన రైతుగా ఆయనే బాగుంటారు. నేను ముందు పొలం ఓనర్ని. కాదంటే చాలు కదా" అన్నారు.

నేను అడ్డం పడేలోపు ఇద్దరూ కుర్చీల్లో కూర్చున్నారు. సాల్మన్ కుర్చీలో మావయ్య, మావయ్య కుర్చీలో శ్యామ్ సుందర్ గారు. నా కథ నా చేతుల్లోంచి జారిపోయింది.

మావయ్య గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. పండిన కాయ కోసి కల్లంలో పోశాక మబ్బు పడితే రైతు కడుపులో ఎలా ఉంటుందో చెప్పాడు. పట్టలు కప్పితే కాయ లోపల మగ్గిపోయి రంగు మారుతుందని, కప్పకపోతే తడిసి బూజు పడుతుందని చెప్పాడు. "టిక్కీ నెత్తినెత్తుకుని కాలవ కట్ట మీద నడిచారా మీరెప్పుడన్నా? ఆడాళ్ళు నడుస్తున్నారు. జారితే చేతులిరుగుతున్నయి" అన్నాడు.  ఆ చేయి విరిగింది ఎవరికో హాల్లో నాకొక్కడికే తెలుసు.

"మ్యాపులో దారి లేదు కదండీ" అన్నారు శ్యామ్ సుందర్ గారు, కాగితం చూసి.

"మ్యాపు మిరపకాయలు మోసుద్దా?"

జ్యోతిర్మయి గారు నవ్వు ఆపుకుని, ఎంతో నెమ్మదిగా, మధ్యవర్తులందరూ అడిగే ప్రశ్నే అడిగారు. నేను సాల్మన్‌ను అడిగిందీ అదే. "చెంచయ్య గారూ, మీరొక్కసారి ఆయన ఇంటికి వెళ్ళి, దారిమ్మని అడిగి చూడొచ్చు కదా?"

మావయ్య లేచి నిలబడ్డాడు.

"ఎందుకడగాలమ్మా? మా నాన్న నడిచిన దారి అది. ఆయన వాళ్ళ నాన్నని అడిగి నడవలా. ఇయ్యాళ నేనెళ్ళి గుమ్మం ముందు నిలబడి అడిగితే, ఆయన సరే పో అంటాడు. రేపు ఆయనకి కోపమొస్తే మళ్ళీ మూస్తాడు. మళ్ళీ నేనెళ్ళి నిలబడాలా? నా తర్వాత నా బిడ్డలు నిలబడాలా? అడిగి తెచ్చుకుంటే అది దారెట్టా అవుద్ది, దయ అవుద్ది గానీ! నాకు దయొద్దు. దారి కావాలి."

చప్పట్లు మోగాయి. వెనక వరసల వాళ్ళు లేచి మరీ కొట్టారు. మావయ్య ఇంకా నిలబడే ఉన్నాడు. చప్పట్ల మధ్యలో ఆయన మొహం మారడం నేను చూశాను. తన నోట్లోంచి వచ్చిన మాట ఎవరిదో గుర్తుపట్టినట్టుంది. నా వైపు ఒకసారి చూసి కూర్చున్నాడు.

ఇంతలో భోజనాల వేళైంది. మిగతాది తర్వాత చూద్దామని జ్యోతిర్మయి గారు ప్రకటించారు. హాలంతా పక్క హాల్లోకి కదిలింది. మావయ్య కదల్లేదు.

"లే మావయ్యా, అన్నం తిందాం" అన్నాను.

"ఎవరిదిరా అన్నం?"

ఆ క్షణాన అబద్ధం చెప్పి ఉండాల్సింది. "శ్యామ్ సుందర్ గారిది" అన్నాను.

"తగువు తేలకుండా ఆయన అన్నం నేనెట్టా తింటాను?"

"మావయ్యా, అది నాటకం!"

"నాటకంలో మాత్రం దారేదిరా? ఇవ్వలేదుగా."

టేబుల్ మీది నీళ్ళ సీసా కూడా అవతలికి నెట్టేశాడు. కమిటీ వాళ్ళు వచ్చి బతిమాలారు. జ్యోతిర్మయి గారు వచ్చి చెప్పారు. మనిషి రాయిలా కూర్చున్నాడు. సంగతి శ్యామ్ సుందర్ గారికి చేరింది. ఆయనకు షుగరు. పైగా పుట్టి పెరిగింది బాపట్ల వైపు, పద్ధతి తెలిసినవాడు. పిలిచిన మనిషి పస్తు కూర్చుంటే తను ముద్ద ఎత్తలేడు. వడ్డించుకున్న ప్లేటు పక్కన పెట్టి స్టేజీ ఎక్కారు.

"ఇచ్చానయ్యా దారి. రా, తిందాం."

"అందరూ వినాలి" అన్నాడు మావయ్య.

మధ్యవర్తులూ ఆర్బిట్రేటర్లూ ప్లేట్లు పట్టుకునే వచ్చి స్టేజీ ముందు నిలబడ్డారు. కొందరు తింటూనే విన్నారు.

"నేను వచ్చి అడగక్కర్లేదుగా?"

"అక్కర్లేదు."

"రేపు మీకు కోపమొస్తే?"

"వచ్చినా మూయను."

"మీ పిల్లలు?"

"వాళ్ళూ మూయరయ్యా. గోంగూర చల్లారిపోతోంది!"

అప్పుడు మావయ్య దిగివచ్చి, శ్యామ్ సుందర్ గారి పక్కనే కూర్చుని కడుపునిండా తిన్నాడు. ఆ ఏడు సదస్సులో పూర్తిగా కుదిరిన రాజీ అదొక్కటేనని తర్వాత అందరూ ఒప్పుకున్నారు.

తిరుగు దారిలో గుంటూరు దాటినా మావయ్య నోరు విప్పలేదు. నాకు భయం వేసి టోల్‌గేటు దగ్గర ఒంట్లో బాగుందా అని అడిగాను. తలూపాడంతే. టోల్‌గేటు వాడితో తగువు కూడా పడలేదు. పెదనందిపాడు దాటాక అన్నాడు.

"ఒరేయ్, నేను గెలిచాను కదరా?"

"గెలిచావు మావయ్యా."

"అయితే దారి ఇవ్వాల్సిందేగా."

"ఎవరు?"

"ఎవరేందిరా, ఓడినోడు."

"మరి ఓడిందెవరు మావయ్యా?"

ఆయన కిటికీ అద్దం దించుకుని పత్తి చేల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఇంటిదాకా అద్దం ఎక్కించలేదు.

ఆ రాత్రి నేను అక్కడే పడుకున్నాను. తెల్లారి అత్తయ్య తట్టి లేపింది. "మీ మావయ్య పొలంలో కంప లాగుతున్నాడంట నాగేంద్రా. చేతులకి గుడ్డన్నా చుట్టుకోలేదంట. వెళ్ళి చూడు" అంది. వెళ్ళేసరికి గట్టు మీద కంప ఒక్క పుల్ల కూడా లేదు. ఆయన అరచేతుల నిండా ముళ్ళు. దారి శుభ్రంగా తెరిచి ఉంది. వెనక పొలంలో, కల్లం దగ్గర, సాల్మన్ నిలబడి చూస్తున్నాడు. పక్కన తొక్కి కుట్టిన టిక్కీలు, అద్దె ట్రాక్టరు. ఖాళీగా కాలువలో దిగి ఎలాగో ఎక్కొచ్చింది గానీ, బరువుతో అయితే అక్కడే దిగబడిపోతుంది. ఆ ట్రాక్టరు టిక్కీలను కాలువ కట్ట దాకా మాత్రమే చేర్చడానికి తెచ్చింది. అక్కణ్ణుంచి మళ్ళీ నెత్తి మోతే.

దక్షిణాన మబ్బు పట్టి ఉంది. దారి తెరిచి ఉంది. ఎవరూ నడవడం లేదు. సాల్మన్ అడగడు. ఈయన పిలవడు. నా శిక్షణలో ఇలాంటి పరిస్థితికి పాఠం లేదు. నేను గట్టు మీద చతికిలబడ్డాను.

చివరికి మావయ్య తనకు చేతనైన పద్ధతిలో మొదలుపెట్టాడు.

"ఏరా సాల్మనూ! మబ్బు కనపడట్లా? కాయ తడిసిందాకా నిలబడతావా?"

"నేనెవర్నీ అడగనండీ చెంచయ్య గారూ" అని సాల్మన్ అక్కణ్ణుంచే అరిచాడు.

"అడగమన్నదెవడ్రా నిన్ను? నువ్వడగొద్దు, నేనివ్వను. దారుంది. నడు!"

 సాల్మన్ చేయి నుదుటికి అడ్డం పెట్టుకుని గట్టు ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. తర్వాత తిరిగి ట్రాక్టరు వాడికేదో చెప్పాడు. టిక్కీలెక్కాయి. ట్రాక్టరు గట్టు మీదికి వచ్చింది. ముందు సాల్మన్ నడుస్తున్నాడు, వెనక జయకుమారి. మా దగ్గరికొచ్చేసరికి సాల్మన్ ఆగాడు. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకోకుండా పక్కపక్కన నిలబడి, ట్రాక్టరు చక్రాలు మలుపులో పైపుల మీదికి ఎక్కకుండా చూశారు. ట్రాక్టరు బాటెక్కింది.

పొద్దున్నుంచి కంప లాగిన మనిషి. పెదాలు పిడచగట్టుకుపోయాయి. జయకుమారి చంకలో నీళ్ళ సీసా ఉంది. మావయ్య దాని వైపు చూశాడు.

"తగువు తేలిపోయిందిగా. ఇంకేం, తాగొచ్చు" అన్నాడు, నాతో అన్నట్టు.

తగువుకు ముందు కూడా ఆయన వాళ్ళ నీళ్ళు తాగగా నేనెన్నడూ చూడలేదు. ఆ సంగతి అక్కడున్న నలుగురికీ తెలుసు. ఎవరూ ఎత్తలేదు.

జయకుమారి సీసా మూత తీసింది, వంకర తిరిగిన చేత్తోనే. కానీ చాపలేదు. పట్టుకుని నిలబడింది.

"అడిగితే ఇస్తానండీ" అంది. కోపంగా కాదు. మామూలుగానే అంది.

సాల్మన్ తల దించుకున్నాడు.  ఇప్పుడు మావయ్య నోరు తెరిస్తే ఏమొస్తుందో నాకు తెలుసు, ముప్ఫై ఏళ్ళుగా వింటున్నాను. ఆయన నోరు తెరిచాడు. మూశాడు. ముళ్ళు దిగిన అరచేతులు రెండూ చూసుకున్నాడు. వాటిని దోసిలి పట్టి ముందుకు వంగాడు.

"కాసిని మంచినీళ్ళు పొయ్యమ్మా" అని అడిగాడు.

ఆమె పోసింది.